నూడుల్స్ మానేయమన్న మాటకు వంటింటి జవాబు

అసర్ నమాజు వేళ దాటాక ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం నుంచి తార్నాక వైపు నడిచి వస్తే, రోడ్డు పక్క బండ్ల మీది బాణలుల్లోంచి వేగుతున్న వెల్లుల్లి వాసన ముందుగా పలకరిస్తుంది. వసతిగృహాల్లో ఉండే అమ్మాయిలకు చాలా రోజులు ఆ నూడుల్స్ ప్లేటే రాత్రి భోజనం. మా బంధువుల అమ్మాయి ఒకరు ఇక్కడే పీజీ చదువుతోంది. నెలసరి మూడు నెలలకోసారి రావడం, బరువు పెరగడం చూసి పరీక్షలు చేయిస్తే పీసీఓఎస్ అన్నారు. ఎవరి మాటో విని ఆమె అన్నం మానింది, నూడుల్స్ మానింది, చివరికి రాత్రి భోజనమే మానేసింది. తల్లి దిగులు వేరు. "సంబంధాల వాళ్లకు తెలిస్తే ఎలా ఆపా?" అని మా దగ్గర కన్నీరు పెట్టుకున్నారు.

సంతానయోగ్య వయసులోని స్త్రీలలో సుమారు పదిమందిలో ఒకరికి ఉన్న సమస్య ఇది. సిగ్గుపడి దాచవలసినదేమీ ఇందులో లేదు. 1935లోనే షికాగో వైద్యులు స్టెయిన్, లెవెంథాల్ దీనిని వర్ణించారు. ఈ సమస్య ఉన్న చాలామందిలో ఇన్సులిన్ సరిగా పనిచేయదు. ఆ లోటు పూడ్చడానికి శరీరం మరింత ఇన్సులిన్ స్రవిస్తుంది. దాని ప్రేరణతో అండాశయాల్లో పురుష హార్మోన్లు ఎక్కువగా తయారై నెలసరి తప్పుతుంది. కనుక పిండిపదార్థం ఎంత తింటున్నాం, దేనితో కలిపి తింటున్నాం అన్నది ముఖ్యం. అంతేకాని హార్మోన్లను నయం చేసే వంటకం అంటూ ఒకటి లేదు. ఏ ఒక్క ఆహార పద్ధతీ మిగిలిన వాటికంటే మేలని తేలలేదని 2023 నాటి అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు కూడా చెప్పాయి.

తార్నాకలోనే, విశ్వవిద్యాలయానికి ఆనుకుని జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. రోజుకు 2000 కిలోకేలరీలకు ఆ సంస్థ సూచించిన పళ్లెంలో సగం కూరగాయలు, పండ్లే. బియ్యం, గోధుమ వంటివన్నీ కలిపి 250 గ్రాములు. బండి మీది ప్లేటు దీనికి తలకిందులు: అంతా నూడుల్సే, పైన అలంకారానికి నాలుగు క్యాబేజీ తురుములు.

మేము ఇంట్లో నలుగురికి చేసే కొలత ఇది. సన్నని బియ్యం నూడుల్స్ 200 గ్రాములు, క్యారెట్, బీన్స్, క్యాప్సికం, క్యాబేజీ కలిపి 600 గ్రాములు, గుడ్లు నాలుగు, ఉడికించిన శనగలు ఒక కప్పు, నూనె నాలుగు చెంచాలు. నూడుల్స్‌ను పొయ్యి మీద ఉడికించవద్దు. మరిగిన నీళ్లు పోసి మూతపెట్టి, గోరుతో నొక్కితే తెగేటంత మెత్తబడగానే వార్చి చన్నీళ్లతో కడగాలి. ఆలస్యమైతే ముద్దే! వెడల్పాటి బాణలిలో నూనె బాగా కాగాక జీలకర్ర, చిన్న దాల్చినచెక్క ముక్క, అల్లం, వెల్లుల్లి, కరివేపాకు వేయాలి. దాల్చినచెక్క రుచికే, మందుగా కాదు. పెద్ద మంట మీద కూరగాయలను కరకర పోకుండా వేయించి, పక్కకు జరిపి గుడ్లు కొట్టి పోసి పొరటాలి. తర్వాత శనగలు, నూడుల్స్, మిరియాల పొడి వేసి రెండు నిమిషాలు కలిపితే చాలు. ఉప్పుమయమైన సోయా సాస్ బదులు నిమ్మరసం పిండుతాం.

థైరాయిడ్ ఉన్నవారు అయోడిన్ ఉప్పునే వాడి, దించబోయే ముందు వేయాలి. అయోడిన్ వేడికి కొంత నశిస్తుంది. వారు క్యాబేజీ ముట్టరాదన్న భయం అనవసరం, వండిన క్యాబేజీ మితంగా తింటే హాని లేదు. పరగడుపున మాత్ర వేసుకునేవారు రంజాను ఉపవాసాల్లో దానిని ఏ వేళకు మార్చుకోవాలో నెల మొదలుకాక ముందే వైద్యుని అడగాలి.

వసతిగృహం గదిలో వంట కుదరదు కనుక ఆ అమ్మాయికి బండి దగ్గర తినక తప్పని రోజులుంటాయి. అప్పుడు సగం నూడుల్స్, రెట్టింపు కూరగాయలు, రెండు గుడ్లు, సాస్ వద్దు అని అడుగుతోంది. బండివాడు మొదట నవ్వాడట, ఇప్పుడు ఆమెను చూడగానే గుడ్లు తీస్తాడట. తల్లి సంబంధాల మాట పక్కనపెట్టి, వచ్చే నెల కూతురితో పాటు స్త్రీల వైద్యురాలి దగ్గరకు వెళ్తున్నారు.