అడగకుండా తీసే కన్ను



ఒక బాప్తిస్మపు దినం మేము మరువలేము. ఇబ్రహీంపట్నం ప్రాంతంలోని ఒక చెరువులో బాప్తిస్మం పొందిన సహోదరి తడి బట్టలతో గట్టెక్కింది. ఎవరో సెల్‌ఫోనులో వీడియో తీశారు, సంతోషంతోనే తీశారు. సాయంకాలానికి అది ఊరంతా పాకింది. తరువాత చాలా ఆదివారాలు ఆ సహోదరి మందిరానికి రాలేదు. తీస్తుండగా వద్దనకుండా నిలబడిన తప్పు మాది.

ఫోను ఎత్తితే చేయి అయినా కనబడుతుంది. ఇప్పుడు అదీ లేదు. రేబాన్ మెటా అనే కెమెరా కళ్ళద్దాలు 2025 మే నెలలో మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. చూపుకు మామూలు కళ్ళజోడే. వీడియో తీసేటప్పుడు ఫ్రేములో చిన్న లైటు వెలుగుతుంది. సంతలో, ఎండలో దానిని ఎవరు గమనిస్తారు? గమనించినా అదెందుకో మన పల్లె తల్లులకు ఎవరు చెప్పారు?

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు 9 మంది ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను ప్రకారం, స్నానం వంటి ఏకాంత సమయంలో స్త్రీని చాటుగా చూసినా, చిత్రించినా మొదటి నేరానికే 1 నుండి 3 ఏండ్ల జైలు, జరిమానా. అటువంటి చిత్రం తీయడానికి ఆమె ఒప్పుకొన్నా, ఇతరులకు పంపడానికి ఒప్పుకోకపోతే పంపడం నేరమే. అయితే బస్టాండులో నిలబడిన మనిషిని తీస్తే ఈ సెక్షను అడ్డుపడదు. అక్కడ అడ్డుపడవలసినది మన మనస్సాక్షి.

దావీదు మిద్దె మీదనుండి చూచి కన్ను త్రిప్పుకొనలేదు; అది ఊరియా మరణం వరకు పోయింది. షేము, యాపెతులు తండ్రి సిగ్గును చూడకుండా వెనుకకు నడిచి వస్త్రం కప్పారు. చూడగలిగినదంతా చూడవలసినది కాదని ఆ కుమారులెరుగుదురు.

ఇప్పుడు మా సంఘంలో బాప్తిస్మమప్పుడు ఫోన్లు సంచిలో ఉంటాయి. గట్టున స్త్రీలు దుప్పటి పట్టుకొని నిలుస్తారు. ప్రార్థనలో ఏడ్చేవారిని, రోగులను తీయము. సాక్ష్యమిచ్చినవారిని అడిగిన తరువాతనే యూట్యూబులో పెడతాము. మీ కుమారుడు పట్నం నుండి అటువంటి కళ్ళజోడు తెస్తే కోపపడకండి. “ఎదుటివారిని అడిగావా?” అని మాత్రం అడగండి.

ఆ సహోదరి తిరిగి వచ్చింది. కాని నేటికీ కూర్చునే ముందు ఎవరి చేతిలో ఫోనుందోనని చుట్టూ చూస్తుంది. ప్రభువు మన కన్నులను కాయును గాక.