పది చేతుల బొంత

బొంత అంటే తెలియని తెలుగిల్లు ఉండదు. పాత చీరలు, పంచెలు, లుంగీలు ఒకదాని మీద ఒకటి పరిచి, దారంతో కలిపి కుట్టిన మెత్తటి పరుపు అది. కప్పుకోవచ్చు, పరుచుకోవచ్చు. ఈడూ జోడూ కుదిరినవాళ్లను చూసి ‘గంతకు తగ్గ బొంత’ అని నవ్వుతూ అంటాం. ఇప్పుడు చాలా ఇళ్లలో సామెత ఉంది, బొంత లేదు. బజారులో పాలిస్టర్ రజాయిలు చవకగా దొరకడంతో బొంత కుట్టే చేతులకు పని తగ్గిపోయింది.

అండమాన్‌లో చలి లేదు కదా, ఇక్కడ బొంతతో పనేమిటి అని మీకు అనిపించవచ్చు. మన దీవుల్లో ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మే నెలలో మొదలైన వానలు డిసెంబరు దాకా వస్తూనే ఉంటాయి. ఆ రోజుల్లో నేల చెమ్మగా ఉంటుంది. చాప మీద ఒక పలుచని బొంత పరిస్తే పిల్లలు హాయిగా పడుకుంటారు. ఇంకో కారణం కూడా ఉంది. మనం వాడే వస్తువుల్లో చాలావరకు చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం నుంచి ఓడల్లో రావలసిందే. వచ్చిన గుడ్డ చిరిగాక చెత్తగా మిగిలేది మాత్రం ఈ చిన్న దీవిలోనే. అందుకే చిరిగిన చీరకు రెండో జన్మ ఇవ్వడం మనకు మరీ అవసరం.

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. అంతకన్నా ఎక్కువ మంది మాట్లాడేది బెంగాలీ. దేశ విభజన తరువాత, 1949 నుంచి, తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలకు ఇక్కడ భూములిచ్చారు. వాళ్ల ప్రాంతపు విద్య కాంతా కుట్టు. అందులోనూ పాత చీరలనే పొరలుగా వేస్తారు. చీర అంచుల నుంచి లాగిన రంగు దారాలతోనే పువ్వులు, చేపలు కుడతారు. సంస్కృతంలో ‘కంథ’ అంటే అతుకుల గుడ్డ. బీహారులో దీన్ని సుజని అంటారు, రాజస్థాన్, సింధ్ ప్రాంతాల్లో రల్లీ అంటారు. కర్ణాటకలోని సిద్దీ స్త్రీలు కుట్టేది కవంది. వాళ్లు అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకు వస్తారు. చివర నాలుగు మూలలా చిన్న ముక్కలు అతికిస్తారు. వాటిని పూలు అంటారు. ఆ పూలు లేకపోతే కవంది పూర్తయినట్టు కాదు.

ఇక బొంత ఎలా కుట్టాలో చూద్దాం. ముందు నూలు గుడ్డలు ఏరుకోవాలి. పాలిస్టర్ గుడ్డలు జారిపోతాయి, చెమట పీల్చవు. గుడ్డలను గంజి పోయేలా ఉతికి ఎండబెట్టాలి. అడుగున ఒక పాత చీర పరచాలి. దాని మీద చిరుగుల గుడ్డలు ఎక్కడా ఎత్తుపల్లాలు లేకుండా సర్దాలి. పైన రంగు ముక్కలు అతికిన పొర వేయాలి. మూలల్లో బరువులు పెట్టి, ముడతలు లేకుండా లాగి, పెద్ద పెద్ద పచ్చికుట్లు వేయాలి. తరువాత సూదిని పైకీ కిందికీ దూస్తూ దగ్గర దగ్గరగా వరసలు కుట్టాలి. ఈ వరసలు అందం కోసమే కాదు. అవి లేకపోతే ఉతికినప్పుడు లోపలి గుడ్డలన్నీ ఒక మూలకు చేరి ఉండకడతాయి. పొరల మధ్య చిక్కుకున్న గాలి వేడిని బయటికి త్వరగా పోనివ్వదు. సైన్సు తరగతిలో చదివే ఉష్ణబంధకం ఇదే.

ఇందులో లెక్కలు కూడా ఉన్నాయి. 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న బొంతకు 6 అంగుళాల చదరాలు ఎన్ని కావాలి? పొడవునా 12, అడ్డంగా 8, మొత్తం 96. కుట్టులోకి అన్ని వైపులా అర అంగుళం పోతుంది కాబట్టి ఒక్కో ముక్కను 7 అంగుళాలకు కత్తిరించాలి. ఒక్కరే కుడితే ఎన్నో రోజుల పని. పది మంది కూర్చుంటే ఒక్కొక్కరికి పది ముక్కలు కూడా రావు. అందుకే పూర్వం మధ్యాహ్నం పనులయ్యాక ఆడవాళ్లు అరుగు మీద చేరి కలిసి కుట్టేవారు. కొత్తగా నేర్చుకునేవాళ్లు పక్కవాళ్ల చేతిని చూసి నేర్చుకునేవారు.

కలిసి కుట్టడం ఎంత బలమో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో ఒక ఊరు చూపించింది. ఆ ఊరి పేరు జీస్ బెండ్. మూడు వైపులా నది ఉంటుంది. అక్కడి నల్లజాతి వారు ఓటు నమోదు కోసం అవతలి ఒడ్డుకు వెళ్లడం మొదలుపెట్టాక, 1962లో పడవ సర్వీసు ఆపేశారు. అది మళ్లీ నడిచింది 2006లోనే. పడవ ఆగితే ఏమవుతుందో దీవుల్లో ఉన్న మనకు వేరే చెప్పాలా? ఓటు అడిగినందుకు ఆ ప్రాంతంలో కొందరు కౌలు భూములు, ఇళ్లు కూడా పోగొట్టుకున్నారు. 1966లో అక్కడి స్త్రీలు ‘ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ’ అనే సహకార సంఘం పెట్టుకుని, అతుకుల బొంతలు కుట్టి న్యూయార్క్ వంటి నగరాలకు అమ్మారు. చేతి సంపాదన ఉన్నవాళ్లను బెదిరించడం కష్టం. జీస్ బెండ్ బొంతలను 2002లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో గోడలకు వేలాడదీసి ప్రదర్శించారు. 2006లో వాటి బొమ్మలతో తపాలా బిళ్లలు కూడా వచ్చాయి.

మన బడిలోనూ ఇలాంటి బొంత బృందం పెట్టుకోవచ్చు. 2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల వారికి పది రోజులు సంచి లేని చదువు ఉండాలని సూచించింది. ఆ రోజుల్లో ఒకదానితో మొదలుపెట్టవచ్చు. కావలసినవి సూదులు, దారం, కత్తెర, ఇంటి నుంచి తలా ఒక పాత గుడ్డ. ఆ గుడ్డ ఎవరిది, ఎప్పుడు కొన్నారు అని అమ్మనో నాయనమ్మనో అడిగి తెలుసుకుని రండి. తెలుగు, బెంగాలీ, తమిళ ఇళ్ల పెద్దవాళ్లను పిలిస్తే ఒకే చాప మీద మూడు రకాల కుట్లు నేర్చుకోవచ్చు. ఈ విద్య పుస్తకాల్లో కన్నా వాళ్ల వేళ్లలోనే ఎక్కువగా ఉంది. వాళ్లకు చూపు ఆనుతున్నప్పుడే, సూదిలోకి దారం ఎక్కించి వాళ్ల చేతికి మనం అందించాలి.

మొదటి బొంత పూర్తయ్యాక దాన్ని దగ్గరలోని అంగన్‌వాడీ పిల్లలకు ఇద్దాం. ఒక్క మాట మరవకండి: వాన తెరిపి ఇచ్చి ఎండ కాసిన రోజున బొంతను తిరగేసి రెండు వైపులా ఆరబెట్టాలి. లేకపోతే మన దీవుల చెమ్మకు బూజు పడుతుంది.