జావాలో పెరిగే జాబితా: అర్రేలిస్ట్

డిగ్రీలో కంప్యూటర్స్ తీసుకున్న మనలో చాలామందికి మొదటి భయం ఇంగ్లీషు మాటలతోనే మొదలవుతుంది. నిర్వచనాలు బట్టీ పడతాం, ప్రశ్న కాస్త మార్చి అడిగితే తడబడతాం. అందుకే ఈ సంచికలో ఒక్క విషయాన్నే తీసుకుని, దాని లోపల ఏం జరుగుతుందో చూద్దాం. అది జావా భాషలోని అర్రేలిస్ట్.

ముందు అర్రే గురించి. హాస్టల్ హాజరుపట్టీలో 100 గళ్ళు గీశామనుకోండి. 101వ విద్యార్థి చేరితే పేరు రాయడానికి చోటుండదు. జావాలో అర్రే కూడా అంతే. ఎన్ని గళ్ళో తయారుచేసేటప్పుడే చెప్పాలి, తర్వాత పెంచలేము. లేని గడిలో రాయబోతే ప్రోగ్రాం తప్పు చూపించి ఆగిపోతుంది.

జావాను 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ విడుదల చేసింది. దాని రూపకర్త జేమ్స్ గోస్లింగ్. 2010లో సన్ సంస్థను ఒరాకిల్ కొనుగోలు చేసింది. తొలినాళ్ళలో పెరిగే జాబితా కోసం వెక్టార్ అనే క్లాసు ఉండేది. 1998 డిసెంబరులో వచ్చిన జావా 1.2లో అర్రేలిస్ట్ చేరింది. జాబితాలో ఏ రకం సమాచారం ఉండాలో ముందే చెప్పే జెనరిక్స్ సదుపాయం 2004లో జావా 5తో వచ్చింది.

ఇక తయారీ. కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేయవలసినదాన్ని ఇక్కడ తెలుగులో రాస్తున్నాం.

లిస్ట్<స్ట్రింగ్> పేర్లు = న్యూ అర్రేలిస్ట్<>();

ఇది ఖాళీ జాబితా. స్ట్రింగ్ అంటే ఇందులో అక్షరాలతో కూడిన పేర్లే ఉంటాయని అర్థం. అంకెలు కావాలంటే ఇంట్ అని రాయకూడదు, ఇంటిజర్ అని రాయాలి. జాబితా ఆబ్జెక్టులనే దాచుకుంటుంది.

నింపడానికి యాడ్ వాడతాం. పేర్లు.యాడ్("రాజు") అంటే రాజు చివర చేరతాడు. పేర్లు.యాడ్(0, "రమేష్") అంటే రమేష్ అందరికంటే ముందు చేరతాడు. లెక్క 0 నుంచి మొదలవుతుందని మరచిపోకండి. యాడ్ఆల్ అంటే ఒక జాబితాను మొత్తంగా మరోదానిలో కలపడం. గెట్ అంటే చూడడం, సెట్ అంటే మార్చడం, రిమూవ్ అంటే తీసేయడం, సైజ్ అంటే ఎందరున్నారో చెప్పడం.

మరి ఈ జాబితా ఎలా పెరుగుతుంది? ఇందులో మాయ లేదు. దాని లోపల ఉన్నది మామూలు అర్రేయే! సాధారణంగా మొదటి పేరు చేర్చగానే లోపల 10 గళ్ళ అర్రే తయారవుతుంది. 11వ పేరు రాగానే 15 గళ్ళ కొత్త అర్రే తయారుచేసి, పాత పేర్లన్నీ అందులోకి మార్చి, ఆ తర్వాత కొత్త పేరు చేరుస్తుంది. పదిమంది గదిలోకి పదకొండోవాడు వస్తే అందరం ట్రంకు పెట్టెలు ఎత్తుకుని పెద్ద గదికి మారినట్టన్నమాట. ఇలా ప్రతిసారీ సుమారు ఒకటిన్నర రెట్లు పెరుగుతూ 10, 15, 22, 33, 49, 73, 109 అవుతుంది. అంటే 100 పేర్లు చేర్చేలోపు 6 సార్లు గది మారాలి.

ఈ మార్పిడి తప్పించాలంటే ముందుగానే న్యూ అర్రేలిస్ట్<>(100) అని రాయవచ్చు. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. 100 గళ్ళకు చోటు ఉంటుందే తప్ప జాబితాలో ఎవరూ లేరు. సైజ్ అడిగితే 0 అనే చెబుతుంది. వెంటనే గెట్(5) అంటే తప్పు వస్తుంది.

లోపలి సంగతి తెలిస్తే మిగతావి తేలిగ్గా అర్థమవుతాయి. గెట్ వేగంగా పనిచేస్తుంది, ఎందుకంటే నేరుగా ఆ గడికే వెళుతుంది. మొదట్లో ఒకరిని చేర్చడం మాత్రం ఆలస్యం, ఎందుకంటే మిగతావారందరూ ఒక్కో గడి వెనక్కి జరగాలి. మొదటివారిని తీసేసినా అందరూ ముందుకు జరగాలి.

మరో జాగ్రత్త. ఇంటిజర్ జాబితాలో 40, 35, 1 ఉన్నాయనుకోండి. రిమూవ్(1) అంటే 1 అనే అంకె పోదు, 1వ స్థానంలోని 35 పోతుంది. ఆ అంకెనే తీసేయాలంటే రిమూవ్(ఇంటిజర్.వాల్యూఆఫ్(1)) అని రాయాలి.

ఉద్యోగ ఇంటర్వ్యూల్లో అర్రేకు, అర్రేలిస్ట్‌కు తేడా చెప్పమని తరచుగా అడుగుతారు. "ఒకటి పెరగదు, ఒకటి పెరుగుతుంది" అనే జవాబు అందరూ చెబుతారు. ఎలా పెరుగుతుందో చెప్పగలిగినవారికే తర్వాతి ప్రశ్నకు ధైర్యం ఉంటుంది. ఆ ధైర్యానికి ఏ మీడియంలో చదివామన్నది అడ్డు కాదు.

తమ్ముళ్ళూ, కంప్యూటర్ ముందు కూర్చునే వంతు వచ్చేదాకా ఆగనక్కరలేదు. నోటుబుక్కులో 10 గళ్ళు గీసి, మీ రూమ్మేట్ల పేర్లు ఒక్కొక్కటే నింపండి. 11వ పేరు దగ్గర ఏం చేయాలో మీ పెన్సిలే చెబుతుంది.