పదుగురు గీయు పటము



నేటి ప్రసంగమునకు విషయము దేశపటము. అయితే నేను చెప్పబూనినది బడిగోడకు వ్రేలాడు పటమును గూర్చి గాదు. జీతము గోరక, బిరుదు నాశింపక, పలుదేశముల సామాన్యజనులు గూడి అంతర్జాలమున గీయుచున్న పటమును గూర్చియు, అట్లు గీయువారి కూటమి నిలుచుటకు వలయు నడవడిని గూర్చియు మనవి చేసెదను. పటము గీయుట కష్టసాధ్యమే. కాని గీయుటకు వచ్చినవారిని ఆదరించి, మరల వచ్చునట్లు చేయుట యంతకంటె కష్టసాధ్యము.

ఈ పటమునకు ఓపెన్ స్ట్రీట్ మ్యాపు అని పేరు. అందఱికిని తెఱచియుంచిన వీథిపటమని దాని భావము. 2004వ సంవత్సరమున ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ అను నాతడు దీనిని మొదలిడెను. ఆ దేశమున సర్కారు సర్వేశాఖవారి పటములు శ్రేష్ఠములే యైనను, వానిని వాడుకొనుటకు రుసుములును నిబంధనలును అడ్డుగా నుండెను. ఎవరి వీథిని వారు గుర్తించి ఒకచోట కూర్చినచో, అందఱికిని చెందిన పటమొకటి యేర్పడునని యాతని యూహ. 2006లో దీని పోషణకొక సంస్థ వెలసినది. పటమును పోషించుటయే దాని పని. ఎవరే దారి గీయవలయునో అది శాసింపదు. ఎవరైనను పేరు నమోదు చేసికొని దారిని, బావిని, బడిని, చెఱువును చేర్పవచ్చును, తప్పున్నచో దిద్దవచ్చును. ఎవరు, ఏనాడు, ఏమి మార్చిరో యంతయు చిట్టాలో నిలిచియుండును. కావున ఒకడు చెడగొట్టినదానిని మఱియొకడు పూర్వస్థితికి తేగలడు. మూలమును పేర్కొని, నిబంధనకు లోబడి, ఈ పటమును ఎవరైనను రుసుము లేకయే వాడుకొనవచ్చును.

ఊరివారి నోటిమాటతో పటమును నింపుట మనకు బొత్తిగా క్రొత్త గాదు. 1802లో లాంబ్టన్ దొర మదరాసున మహాత్రికోణమితి సర్వేను మొదలిడి, కోణములు కొలిచి స్థానములను నిర్ణయించెను. ఆ కాలముననే కాలిన్ మెకంజీ దొర వేఱొక మార్గమును గూడ త్రొక్కెను. 1815లో భారతదేశమునకు మొట్టమొదటి సర్వేయరు జనరలైనవాడీతడే. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అను తెలుగు సోదరులు ఆయనకు కుడిభుజములై నిలిచిరి. బొర్రయ్య 1803లో అకాలమరణము పొందగా లక్ష్మయ్య యా భారమును వహించెను. వారును వారి సహాయకులును ఊరూరికి బోయి, కరణములను, వృద్ధులను అడిగి, ఊరి పేరెట్లు వచ్చెను, గుడి యెవరు కట్టించిరి, చెఱువెవరు త్రవ్వించిరి అను సంగతులను వ్రాసికొనిరి. అవియే నేడు మనము కైఫీయతులని చెప్పుకొనునవి. సర్వే గొలుసునకు అందని విషయమును ఊరి పెద్ద చెప్పగలిగెను.

నేడు కొలత సులభమైనది. ఆకాశమున తిరుగు ఉపగ్రహములు భూమిని చిత్రించుచున్నవి. ఆ చిత్రములను ముందుంచుకొని, జర్మనీలో కూర్చున్నవాడు మన ఇండ్ల కప్పులను, బండ్లబాటలను గీయగలడు. కాని ఆ వాడ పేరేమో వానికి తెలియదు. నల్లని నీటితావు కనబడును. అది ఊరచెఱువో, కుంటయో, రాయి తీసిన గుంతయో తెలియదు. మత్తడి దూకిన దినములలో ఏ బాట తెగునో, ఏ వాగును దాటరాదో, ఏ బావినీరు త్రాగదగినదో పైనుండి చూచిన తెలియునా? గీత గీయుటకు దూరపు మిత్రుడు చాలును. ఆ గీతకు పేరుపెట్టుటకు ఊరివాడే కావలయును. కూటమి యావశ్యకత ఇక్కడనే యున్నది.

దీనివలన మనకేమి ప్రయోజనమని మీరడుగవచ్చును. రఘునాథపల్లినే తీసికొందము. ఇది కాజీపేట సికింద్రాబాదుల నడిమి రైలుమార్గమున నిలయము గల యూరు. హైదరాబాదునుండి వరంగల్లునకు బోవు రహదారి దీనికి చేరువ. కావున దీని పేరు పటములయందు తప్పిపోదు. రహదారి విడిచి లోపలికి బోయిన కొలది, పటమున ఖాళీలు పెరుగును. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టముతో తెలంగాణమున ననేక తండాలు స్వతంత్ర గ్రామపంచాయతీలైనవి. 2016 అక్టోబరు 11వ తేదీన వరంగల్లు జిల్లా చీలి, రఘునాథపల్లి జనగామ జిల్లాలో చేరినది. ఇట్టి మార్పులను ఎవరైనను పూని దిద్దకున్నచో పటము పాతబడిపోవును. 108 అను రోగివాహనముల యేర్పాటు మన ప్రాంతమున 2005 ఆగస్టు 15న మొదలైనది. ప్రసవవేదనపడు స్త్రీకొఱకు నడిరేయి బయలుదేఱిన వాహనము ఏదైనను, తండాకు బోవు మలుపు తెలియక నిలిచిపోయినచో, ఆ యాలస్యమునకు మూల్యము ప్రాణమే కావచ్చును.

ఇట్టి యాపదలలో ఈ పటము పనికివచ్చుట లోకము చూచినది. 2010 జనవరి 12న హైతీ దేశమున ఘోరమైన భూకంపము వచ్చెను. ఆ రాజధానికి సరియైన వీథిపటము లభింపకుండెను. పలుదేశముల స్వచ్ఛంద సేవకులు ఉపగ్రహచిత్రములు చూచి కొన్ని దినములలోనే వీథులను గీచి యీయగా, రక్షకదళములవారు దానిని చేతబట్టుకొని తిరిగిరి. 2015 ఏప్రిలు 25న నేపాళమున భూమి కంపించినప్పుడు మఱియొక విశేషము కనబడెను. అచ్చటి యువకులు ఖాట్మండులో అంతకు ముందే బడులను, ఆసుపత్రులను, వీథులను గుర్తించుచుండిరి. ఆపద రాగానే వేలకొలది విదేశీయులు తోడుపడిరి. కాని ఏ పేరు సరియైనదో, ఏ పని ముందు చేయవలయునో చెప్పుటకు ఊరివారి కూటమి సిద్ధముగా నుండెను. ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వుట కుదరదు గదా!

ఇక కూటమి సంగతి. 2012లో జర్మను పండితులిద్దఱు ఈ పటము గీయువారి లెక్కలు పరిశీలించి ప్రకటించిరి. అప్పటికి పేరు నమోదు చేసికొన్నవారు ఐదు లక్షలకు పైగా నుండిరి. వారిలో ఒక్కసారియైన చేయి చేసికొన్నవారు నూటికి 38 మంది మాత్రమే. చెప్పుకోదగినంత పని చేసినవారు నూటికి ఐదుగురే. తక్కినవారు వాకిటి దాక వచ్చి వెనుదిరిగిరి. వచ్చినవారందఱును సోమరులనుట న్యాయము గాదు. వారిలో కొందఱు వేడుక చూడవచ్చినవారై యుందురు. కొందఱికి ఏమి చేయవలయునో చెప్పువారు లేకపోయి యుందురు. కొందఱు తొలి పొరపాటునకే మాట పడి యుందురు. మొదటి తెగవారిని మనమాపలేము. తక్కిన రెండు తెగలవారిని నిలుపుకొనుట మన చేతిలోని పని.

అందులకు మొదటి యుపాయము, క్రొత్తవానికి చిన్నపని యిచ్చుట. అక్షరాభ్యాసమునాడే అమరకోశము నొప్పగింపు మనువాడు గురువు గాడు. క్రొత్తగా వచ్చిన బాలునితో జిల్లా యంతయు గీయుమనరాదు. మీ బడిని గుర్తింపుము, మీ వాడ బావిని గుర్తింపుము అని చెప్పవలయును. తాను గుర్తించిన బావి కొంతసేపటికి లోకమంతయు చూచు పటమున కనబడినప్పుడు వానికి గలుగు సంతోషమే రెండవ పనికి పురికొల్పును.

రెండవది, వాని భాషలో మాటాడుట. ఈ పటమున ఒక్కొక్క ఊరికి పేరు వ్రాయుటకు భాషకొక గడి కలదు, తెలుగునకును కలదు. పాతపేరునకు, మాఱుపేరునకు వేఱు గడులున్నవి. కాగా ఓరుగల్లును, వరంగల్లును ఒకచోటనే యిముడగలవు. రఘునాథపల్లిని ఇంగ్లీషులో ఒకరొక విధముగా, మఱియొకరు మఱియొక విధముగా వ్రాయుదురు. తెలుగున వ్రాసినచో ఆ చిక్కు లేదు. మన ఊళ్ల పేర్లు తెలుగు లిపిలో నిలుచునట్లు చేయుట ఇంగ్లీషు రాని పెద్దలును చేయగల పని. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో మన గ్రామములకు వేలకొలది పుటలు వెలసినవి. అవియు స్వచ్ఛంద సేవకుల కృషియే.

మూడవది, తప్పు దిద్దు తీరు. పటమున చేసిన ప్రతి మార్పునకు క్రింద చర్చ వ్రాయుటకు తావు కలదు. క్రొత్తవాడు వాగును దారిగా గీచినచో, చడిచప్పుడు లేక దానిని తుడిచివేసిన, వాడేమియు నేర్చుకొనడు, మరల రాడు. “అయ్యా, మీరు గీచినది మాకు చాల యుపయోగపడినది. ఈ గీత మాత్రము వాగని తోచుచున్నది, వీలైనచో చూచి చెప్పుడు” అని వ్రాసిన, వాడే దిద్దును. పలుమాఱులు చెప్పినను వినక, బుద్ధిపూర్వకముగా చెఱచువానిని అడ్డగించుటకు నిబంధనలున్నవి. కాని తెలియక చేసినవానిని, తెలిసి చేసినవానిని ఒకే గాట కట్టరాదు. బడిలో పలక దిద్దినవారికి ఈ భేదము తెలియును. పలక నిండ గీతలు గీచి తిరిగి యిచ్చిన పిల్లవాడు మఱునాడు బడికి రాడు.

నాలుగవది, వివాదమును తీర్చు సూత్రము. నేలపై నున్నదే పటమున నుండవలయు ననునది ఈ కూటమివారి మూలసూత్రము. పేరు విషయమున జాగ్రత్త యవసరము. కొన్ని వాడలకు ఊరిలోని తక్కినవారు పెట్టిన పేరొకటి, ఆ వాడవారు తాము చెప్పుకొను పేరొకటి యుండును. మొదటిది చులకనతో గూడినదియు గావచ్చును. అచట కాపురమున్నవారిని అడుగక పేరు వ్రాయుట అన్యాయము. వారు పలుకు పేరునకే మొదటి తావీయవలయును. తన వాడను తక్కువ చేసిన పటమును గీయుటకు ఎవడును చేయి కలుపడు.

ఐదవది, పలుతెఱగులవారిని పిలుచుట. ఊరిని ఒక్కరే పూర్తిగా ఎఱుగరు. రైతునకు తూములును బండ్లబాటలును తెలియును. గొఱ్ఱెలకాపరికి గుట్టలు, నీటిపడియలు తెలియును. స్త్రీలకు ఏ బోరింగు పనిచేయుచున్నదో, చీకటిపడిన పిమ్మట ఏ త్రోవ నడువదగదో తెలియును. చదువుకొన్న యువకులు మాత్రమే కూర్చుండి గీచిన పటమున చరవాణి దుకాణములుండును, నీటిపడియలుండవు.

పెద్దలకు రెండు శంకలు గలుగవచ్చును. పొలము గట్లకు దీనివలన తగవు వచ్చునా యని మొదటిది. ఇది పట్టా పుస్తకము గాదు. ఎవరి భూమి యెంతయో ఇందు వ్రాయరు. హక్కు నిర్ణయము రెవెన్యూవారి దస్త్రములదే. ఇంటి యజమానుల పేర్లును, ఫోను సంఖ్యలును ఇందు చేర్పరాదు. ఇట్లు పటము గీయుట నేరమగునా యని రెండవ శంక. 2021 ఫిబ్రవరి 15న కేంద్రప్రభుత్వము పటరచనపై గల పూర్వపు కట్టుబాట్లను చాల వఱకు సడలించినది. నిషిద్ధములైన రక్షణ స్థలముల జోలికి పోకుండుట మాత్రము మన విధి. ఇతరులు ప్రచురించిన పటములను చూచి వ్రాసికొనుటయు తగదు. అది వారి సొత్తు. మన కంటితో చూచినది, మన యెఱుకలో నున్నది వ్రాయుటయే ధర్మము.

చరవాణి వాడుట రాని పెద్దలు దూరముగా నుండ నక్కఱలేదు. ఊరిపటమును కాగితముపై అచ్చు తీయించి, నాలుగు ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కకు ఒక పెద్దను, ఒక స్త్రీని, ఇద్దఱు బడిపిల్లలను నియమింపుడు. ఒక ప్రొద్దున బొడ్రాయి కడ బయలుదేఱి నడువుడు. పెద్దలు చెప్పుదురు; పిల్లలు సీసపు కడ్డీతో వ్రాయుదురు. సాయంకాలమున అందఱును పంచాయతీ కార్యాలయమున గూడి, తెలిసిన యువకునిచే వానిని అంతర్జాల పటమున కెక్కింపవచ్చును. పేరు నమోదు చేసికొనని వారు సైతము “ఇచట దారి తెగినది” అని పటముపై చీటీ యంటించు వసతి గలదు. ఆ చీటీని చూచి మఱియొకరు దిద్దుదురు. పని ముగిసిన పిమ్మట ఎవరే వాడను గుర్తించిరో పదిమంది యెదుట చెప్పి మెచ్చుకొనుట మఱవకుడు. జీతము లేని పనికి ఆ మాటయే జీతము.

మీ యూరి పాతబావి పేరు, పూడిపోయిన కుంట పేరు, పొలిమేరలోని గుట్ట పేరు నేడు ఎందఱికి తెలియును? పటేలు పట్వారీల వ్యవస్థ పోయి ఏండ్లు గడచినవి. ఆ పేర్లు చెప్పగల పెద్దలు ఏటేట తగ్గుచున్నారు. వ్రాయగల పిల్లలు మన యిండ్లలోనే యున్నారు. చెప్పువారు, వ్రాయువారు ఒకచోట గూడుటకు కాలము మించిపోలేదు. ఆ పనికి పూనుకొనుడని ప్రార్థించుచు విరమించుచున్నాను.