ఫైర్‌వాల్‌ను దాటేస్తే పోయేదేముంది? అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్ శివార్లలో, సాగర్ రోడ్డులో మంగళ్‌పల్లి నుంచి శేరిగూడ, ఇబ్రహీంపట్నం దాకా ఇంజినీరింగ్ కాలేజీలే. పక్కనే ఆదిబట్లలో టీసీఎస్ క్యాంపస్. ఇక్కడ వైఫై వాడే విద్యార్థులకూ ఉద్యోగులకూ ‘ఈ సైట్‌కు అనుమతి లేదు’ అనే పేజీ బాగా పరిచయం. దాన్ని దాటడానికి సీనియర్లు జూనియర్లకు చెప్పే చిట్కాలూ అంతే పరిచయం. ఆ చిట్కాల్లో చాలావాటికి మూలం అపోహలే. వాటివల్ల వచ్చే ముప్పు మాత్రం నిజం.

అపోహ: ఫైర్‌వాల్ పెట్టింది ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ ఆపడానికే.

వాస్తవం: సైట్లను ఆపడం దాని పనుల్లో ఒకటి మాత్రమే. బయటి నుంచి వచ్చే అక్కర్లేని కనెక్షన్లను అడ్డుకోవడం అసలు పని. 2017 మేలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వాన్నాక్రై రాన్సమ్‌వేర్ ఎన్నో దేశాలను కుదిపేసినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. విండోస్ ఫైల్ షేరింగ్‌లోని లోపాన్ని పట్టుకుని, ఎవరూ ఏ లింకూ నొక్కకపోయినా, అది ఒక సిస్టమ్ నుంచి మరోదానికి పాకింది. అప్‌డేట్లు లేని సిస్టమ్‌లు వరసగా ఉన్న ల్యాబ్‌లో ఒక్కరు తెరిచిన దొడ్డిదారి అందరి మీదికీ ముప్పు తెస్తుంది.

అపోహ: ఇన్‌కాగ్నిటోలో చూస్తే ఎవరికీ తెలియదు.

వాస్తవం: ఆ కంప్యూటర్‌లో బ్రౌజింగ్ హిస్టరీ మిగలదు, అంతే. మీ రిక్వెస్ట్ ఎప్పటిలాగే కాలేజీ నెట్‌వర్క్ మీదుగానే వెళ్తుంది. సైట్ చిరునామా https తో మొదలైతే పేజీలోని విషయం దారిలో కనిపించదు గానీ, ఏ సైటుకు వెళ్లారో సాధారణంగా తెలుస్తూనే ఉంటుంది. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో కంపెనీ సర్టిఫికెట్ ఉంటే, లోపలి విషయాన్ని కూడా తనిఖీ చేసే వీలుంది.

అపోహ: వీపీఎన్ ఆన్ చేస్తే ఫైర్‌వాల్‌కు ఏమీ కనిపించదు.

వాస్తవం: వీపీఎన్ మీ ట్రాఫిక్‌ను తన సర్వర్ మీదుగా దాచి పంపుతుంది కాబట్టి, ఏ సైటు చూశారో కనిపించకపోవచ్చు. వీపీఎన్ వాడుతున్నారన్నది మాత్రం చాలాసార్లు ఇట్టే తెలిసిపోతుంది. లాగ్‌లో చేరే వివరాలు చూడండి: ఏ టైముకు కనెక్ట్ అయ్యారు, ఏ డివైజ్ నుంచి, ఏ సర్వర్‌కు, ఎంత డేటా వెళ్లింది. వైఫై లాగిన్‌కు హాల్ టికెట్ నంబరే యూజర్ ఐడీ అయిన చోట, ఈ వివరాలన్నీ నేరుగా ఆ నంబరు పక్కనే నమోదవుతాయి.

అపోహ: ఫ్రీ వీపీఎన్‌తో నష్టమేమీ లేదు.

వాస్తవం: అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇదే. కాలేజీకి కనిపించకూడదనుకున్న ట్రాఫిక్ మొత్తాన్ని ముక్కూ మొహం తెలియని కంపెనీ చేతిలో పెడుతున్నారు. ఆస్ట్రేలియాకు చెందిన సీఎస్‌ఐఆర్‌ఓ పరిశోధకులు, మరికొందరు కలిసి 2016లో 283 ఆండ్రాయిడ్ వీపీఎన్ యాప్‌లను పరిశీలిస్తే, 38 శాతం యాప్‌లలో మాల్‌వేర్ ఆనవాళ్లు కనిపించాయి. 18 శాతం యాప్‌లు డేటాను ఎన్‌క్రిప్ట్ చేయనేలేదు. 2024 మేలో అమెరికా న్యాయశాఖ ‘911 ఎస్5’ అనే ముఠా నెట్‌వర్క్‌ను కూల్చింది. మాస్క్ వీపీఎన్, డ్యూ వీపీఎన్ లాంటి ఉచిత యాప్‌ల ద్వారా జనం కంప్యూటర్లలోకి దూరి, వాళ్ల ఐపీ అడ్రస్‌లను నేరగాళ్లకు అద్దెకిచ్చిన వ్యవహారం అది. అలా వాడుకున్న ఐపీ అడ్రస్‌లు 1.9 కోట్లకు పైనే. ఎవరో మోసం చేస్తే, విచారణలో ముందుగా బయటపడేది మీ ఐపీ అడ్రస్.

అపోహ: వీపీఎన్ నేరం కాదు కాబట్టి ఎక్కడైనా వాడుకోవచ్చు.

వాస్తవం: దేశమంతటికీ వర్తించే నిషేధం లేదు, నిజమే. అయితే చట్టం అనుమతించినంత మాత్రాన కాలేజీ, కంపెనీ నిబంధనలు రద్దు కావు. వాటిని మీరితే క్రమశిక్షణ చర్య తప్పకపోవచ్చు. వీపీఎన్ సంస్థలు వినియోగదారుల వివరాలను ఐదేళ్లు భద్రపరచాలని 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించింది కూడా. లెక్చరర్ పాస్‌వర్డ్‌తో నెట్ వాడే ‘సార్ లాగిన్’ అడ్డదారి ఇంకా పెద్ద తప్పు. మరొకరి పాస్‌వర్డ్‌ను మోసపు ఉద్దేశంతో వాడితే ఐటీ చట్టం 66సి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

అపోహ: ఒకసారి బ్లాక్ చేశారంటే ఇక అంతే, అడిగినా తెరవరు.

వాస్తవం: చాలా సైట్లను ఎవరూ కూర్చుని ఎంచి ఆపరు. ఫైర్‌వాల్ కంపెనీ తయారుచేసిన కేటగిరీ జాబితా ప్రకారం అవి వాటంతటవే ఆగిపోతాయి. అందుకే పనికొచ్చేవీ చిక్కుకుంటాయి. ఎన్‌పీటీఈఎల్ వీడియో పాఠాలు యూట్యూబ్‌లో ఉంటాయి. యూట్యూబ్‌ను మొత్తంగా ఆపితే ఐఐటీ ప్రొఫెసర్ల క్లాసులూ ఆగినట్టే. ఇది విద్యార్థుల న్యాయమైన ఫిర్యాదు. సైట్ పూర్తి చిరునామా, ఏ సబ్జెక్టుకు కావాలి, ఎప్పటిదాకా కావాలి అన్న మూడు వివరాలు రాసి ల్యాబ్ ఇన్‌ఛార్జికో హెచ్‌ఓడీకో ఇవ్వండి. అడ్మిన్ ఆ సైటును అనుమతి జాబితాలో చేర్చడం కొద్ది నిమిషాల పని.

యాజమాన్యాల బాధ్యతా తక్కువేమీ కాదు. ఏది ఎందుకు ఆపారో చెప్పకుండా, అడిగేందుకు ఒక మెయిల్ ఐడీ కూడా ఇవ్వకుండా తలుపులు మూస్తే పిల్లలు ఫ్రీ వీపీఎన్‌ల వైపే వెళ్తారు. బ్లాక్ పేజీ మీదే ఆ మెయిల్ ఐడీ పెట్టండి, వచ్చిన అభ్యర్థనకు రెండు రోజుల్లో జవాబివ్వండి. విద్యార్థులూ ఇప్పటికే వేసుకున్న ఫ్రీ వీపీఎన్‌లను తీసేసి, ముఖ్యమైన పాస్‌వర్డ్‌లు మార్చుకోండి. ఖాతాలోంచి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.