చిలుకను పెంచాలనుకునేవారు తెలుసుకోవలసినవి

తెలుగువారు రామచిలుక అన్న పక్షిని కన్నడిగులు గిళి అంటారు, తమిళులు కిళి అంటారు, మరాఠీవారు పోపట్ అంటారు. సరిహద్దు గ్రామాలలో ఒకే పక్షిని రెండు పేర్లతో పిలవడం పిల్లలకు సైతం అలవాటే. మధుర మీనాక్షి చేతిలోను, శ్రీవిల్లిపుత్తూరు ఆండాళ్ చేతిలోను చిలుక ఉంటుంది. ఇంతటి ప్రీతి ఉన్నందువల్లనే సంతలో చిలుక పిల్ల కనబడితే కొనిపెట్టమని పిల్లలు మారాం చేస్తారు. కొనడానికి ముందు పెద్దలు రెండు సంగతులు తెలుసుకోవాలి. ఏ చిలుకను పెంచవచ్చు? దానిని ఎలా పెంచాలి?

రామచిలుకను పెంచవచ్చునా?

పెంచకూడదు. మన దేశంలో సహజంగా జీవించే చిలుకలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పిస్తున్నది. వాటిని పట్టడం, అమ్మడం, కొనడం, పంజరంలో ఉంచడం నేరం. 2022లో ఈ చట్టాన్ని సవరించి జరిమానాలను పెంచారు. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. ఇది కేంద్ర చట్టం. కనుక హోసూరులో కొన్నా, బాగేపల్లిలో కొన్నా, సిరొంచలో కొన్నా, యానాంలో కొన్నా నేరం నేరమే. రాష్ట్రం దాటినంత మాత్రాన అది ఒప్పు కాదు.

ఈ నిషేధానికి బలమైన కారణం ఉన్నది. రామచిలుక చెట్టు తొర్రలో గూడు పెడుతుంది. పిల్లలను పట్టేవారు తొర్రను నరికి, రెక్కలు రాని కూనలను తీసుకుపోతారు. వాటిలో కొన్ని సంతకు చేరకముందే చనిపోతాయి. నరికిన తొర్ర మరుసటి ఏడు గూటికి పనికిరాదు. ఆ విధంగా ఒక పిల్లను కొన్నవారు తెలియకుండానే రాబోయే పిల్లలకు సైతం చోటు లేకుండా చేసినవారవుతారు.

ఇప్పటికే ఇంట ఉన్నట్లయితే

ఏళ్ల తరబడి పంజరంలో ఉన్న చిలుకను ఒక్కసారిగా గాలిలోకి వదలకూడదు. ఆహారం వెతుక్కోవడం, గద్ద నుండి తప్పించుకోవడం దానికి తెలియదు. సమీపంలోని అటవీశాఖ కార్యాలయానికి అప్పగించడమే సరైన మార్గం. గూటి నుండి జారిపడిన కూన కనబడితే, గూడు అందే ఎత్తులో ఉన్నప్పుడు తిరిగి అందులో ఉంచాలి. మనిషి తాకినందువల్ల తల్లి దానిని విడిచిపెట్టదు. ఈకలు పూర్తిగా వచ్చిన పిల్లను దగ్గరి కొమ్మ మీద ఉంచి దూరంగా తొలగితే తల్లిదండ్రులు వచ్చి చూసుకుంటాయి. గాయపడిన దానిని గాలి ఆడే అట్టపెట్టెలో ఉంచి అటవీశాఖకు తెలపాలి. నోట్లో పాలు గాని నీళ్లు గాని పోయరాదు.

పెంచదగిన చిలుకలు

విదేశీ జాతులలో కొన్నింటిని పెంచవచ్చు. మన సంతలలో 'లవ్ బర్డ్స్' అని అమ్మేవి చాలాసార్లు ఆస్ట్రేలియా దేశపు బడ్జీలు. తలపై కుచ్చు గల కాకటీల్ కూడా అక్కడిదే. అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణకు లోబడిన ఆఫ్రికా బూడిద రంగు చిలుక, మకావ్ వంటివాటిని కలిగి ఉన్నవారు 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి.

పంజరం

పక్షి అడ్డంగా ఎగురుతుంది. కనుక పంజరానికి ఎత్తు కన్నా వెడల్పు ముఖ్యం. గుండ్రని పంజరం పనికిరాదు. తుప్పు పట్టిన తీగలు, జింకు పూత రాలే తీగలు విషమవుతాయి. కూర్చోవడానికి వేప, జామ కొమ్మలను వేర్వేరు మందాలలో అమర్చితే కాళ్లకు పుండ్లు పడవు. బడ్జీలు గుంపు పక్షులు. ఒక్కదానినే ఉంచితే దిగులు పడుతుంది. రాత్రి పది, పన్నెండు గంటల చీకటి, నిశ్శబ్దం అవసరం. వంటింటి పొగ, దోమల చుట్ట పొగ సోకనీయరాదు. బాగా కాలిన నాన్‌స్టిక్ పెనం నుండి వెలువడే ఆవిరి పక్షిని నిమిషాలలో చంపగలదు.

ఆహారం

బడ్జీలకు కొర్రలు, సామలు చక్కని మేత. అయితే గింజలు మాత్రమే పెడితే విటమిన్ ఏ లోపిస్తుంది. తోటకూర, మునగాకు, క్యారెట్ ముక్కలు రోజూ కొద్దిగా ఇవ్వాలి. పచ్చిమిరపకాయను చిలుకలు ఇష్టంగా తింటాయి, కారం వాటికి తెలియదు. సున్నపు లవణాల కోసం సముద్రపు నురుగు ముక్కను పంజరానికి కట్టాలి. టీ, కాఫీ, చాక్లెట్, అవకాడో, ఉప్పు వేసిన వేపుళ్లు పెట్టరాదు. నీటిని రోజూ మార్చాలి.

ఆరోగ్యం

చిలుక తన జబ్బును చివరి వరకు దాచుకుంటుంది. ఈకలు ఉబ్బించుకొని పంజరం అడుగున కూర్చున్నా, ఊపిరితో పాటు తోక కదులుతున్నా, రెట్ట రంగు మారినా ఆలస్యం చేయక పశువైద్యునికి చూపించాలి. చిలుకల నుండి మనుషులకు సిటకోసిస్ అనే జ్వరం సోకవచ్చు. ఎండిన రెట్ట ధూళి దానికి ముఖ్య కారణం. కనుక పంజరాన్ని తడిపి శుభ్రం చేయాలి, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, పని ముగిశాక చేతులు కడగాలి. ఆ ఇంటివారికి జ్వరం, తలనొప్పి, పొడి దగ్గు వస్తే ఇంట పక్షి ఉన్న సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి. తగిన మందులతో ఇది నయమవుతుంది.

సరిగా చూసుకుంటే బడ్జీ ఐదు నుండి పదేళ్లు బ్రతుకుతుంది. మారాం చేసిన పిల్లవాడు పై చదువుకు వెళ్లిన తరువాత కూడా మేత వేసేవారు ఇంట ఉండాలి. అంత ఓపిక లేనివారు పెరటి జామచెట్టును కొట్టక, పొలం గట్టు మీది తొర్రచెట్టును నరకక ఉంటే చాలు. రామచిలుకలు పిలవకుండానే వచ్చి వాలుతాయి.