వయసుంటే కులం లేదు, కులముంటే వయసు లేదు

మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్ జిల్లా ఖర్డా గ్రామంలో 2014 ఏప్రిల్ 28న పదిహేడేళ్ళ దళిత బాలుణ్ణి కొట్టి చంపారు. అగ్రకుల బాలికతో మాట్లాడటమే అతను చేసిన ‘నేరం’. సాక్షులు మాట మార్చడంతో 2017లో నిందితులందరూ నిర్దోషులుగా బయటికొచ్చారు. 2020 సెప్టెంబరులో హాథ్రస్‌లో దాడికి గురైన పంతొమ్మిదేళ్ళ దళిత యువతి పక్షం రోజుల తర్వాత ఢిల్లీ ఆసుపత్రిలో కన్నుమూసింది. 2023లో నలుగురు నిందితుల్లో ఒక్కరికే శిక్ష పడింది. ఇలాంటి ప్రతి ఘటనలోనూ చర్చ నిందితుల చుట్టూ తిరిగి తీర్పుతో ముగుస్తుంది. ఈ చావును ముందే ఆపే వీలుందా అన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలిపోతుంది. అది ప్రజారోగ్యం అడగవలసిన ప్రశ్న.

హింస ప్రజారోగ్య సమస్య అని ప్రపంచ ఆరోగ్య సభ 1996లోనే తీర్మానించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నివేదిక ఆత్మహత్యను, సామూహిక హింసను కూడా ఆ పరిధిలోకి తెచ్చింది. ఈ దృక్పథం ప్రకారం మొదట మరణాలను లెక్కించాలి. ఎవరు, ఏ వయసులో, ఏ కారణంతో చనిపోతున్నారో తేల్చాలి. ఆ కారణాలపై పనిచేసి, ఫలితాన్ని మళ్ళీ కొలవాలి. కుల హింస విషయంలో మనం మొదటి మెట్టు కూడా ఎక్కలేదు.

జాతీయ నేర గణాంక సంస్థ ప్రకారం 2022లో దేశంలో 28,522 హత్య కేసులు నమోదయ్యాయి. హతుల వయసు చెప్పే పట్టికలో కులం ఉండదు. ఎస్సీ, ఎస్టీల హత్యలను చూపే పట్టికలో వయసు ఉండదు. కౌమారం అంటే 10 నుంచి 19 ఏళ్ళు. నేర పట్టికలో మాత్రం 18 నిండినవారు ముప్ఫై ఏళ్ళవారితో కలిసిపోతారు. పరువు హత్యలను విడిగా నమోదు చేయడం 2014లో గానీ మొదలుకాలేదు. ‘ప్రేమ వ్యవహారం’ అనే మరో గడి పక్కనే ఉంది. ఏ చావు ఏ గడిలో చేరాలో పోలీస్ స్టేషన్‌లోనే నిర్ణయమవుతుంది. 2022లో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో దళిత, ఆదివాసీ విద్యార్థులెందరో ఆ నివేదిక చెప్పదు. కాబట్టి దళిత కౌమారుల హింసా మరణాలు పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా అంటే జవాబివ్వగల పట్టిక ఒక్కటీ లేదు.

లెక్కకు ప్రాణాలు కాపాడే శక్తి ఉందని మన దేశమే నిరూపించింది. 2004-06లో లక్ష సజీవ జననాలకు 254గా ఉన్న ప్రసూతి మరణాలు 2018-20 నాటికి 97కు తగ్గాయి. ఆసుపత్రి కాన్పులు పెరగడంతో పాటు, తల్లి ఎందుకు చనిపోయింది, ఎక్కడ ఆలస్యం జరిగింది అని జిల్లా స్థాయిలో సమీక్షించే పద్ధతి కూడా అందులో భాగం. కౌమారుల హింసా మరణాలకూ అలాంటి సమీక్ష కావాలి.

అందుకు కొత్త వ్యవస్థేమీ అక్కర్లేదు. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమపు ఆరు అంశాల్లో గాయాలు, హింస ఒకటి. అయితే ఆ ఆరింటిలో కులం పేరు లేదు. అత్యాచారాల నిరోధక నిబంధనల ప్రకారం కలెక్టర్ అధ్యక్షతన జిల్లా నిఘా కమిటీ మూడు నెలలకోసారి సమావేశం కావాలి. కేసు, పరిహారాలతో పాటు ప్రతి మరణానికి ముందు వచ్చిన బెదిరింపులను, అందని రక్షణను కూడా ఆ కమిటీ వైద్యాధికారితో కలిసి పరిశీలించాలి.

నివారణ మార్గాలు తెలియనివి కావు. 2023లో నాంగునేరిలో దళిత విద్యార్థిపై తోటి విద్యార్థులే కొడవళ్ళతో దాడి చేశాక తమిళనాడు ప్రభుత్వం జస్టిస్ చంద్రు కమిటీని నియమించింది. కులాన్ని చాటే రంగుల మణికట్టు పట్టీలను బడుల్లో నిషేధించాలని, బడుల పేర్లలోంచి కులాన్ని తొలగించాలని ఆ కమిటీ సూచించింది. కులాంతర జంటలకు రక్షణ గృహాలు, ప్రత్యేక విభాగాలు ఏర్పాటు చేయాలని సుప్రీంకోర్టు 2018 మార్చిలో ఆదేశించింది. ఆర్నెల్లు తిరగకుండానే మిర్యాలగూడలో ప్రణయ్ హత్య జరిగింది. తీర్పు 2025 మార్చిలో వచ్చింది. ఆ తీర్పు అవసరమే, కానీ అది హత్యను ఆపలేదు.

న్యాయపోరాటానికి ఇది ప్రత్యామ్నాయం కాదు. శిక్ష పడుతుందన్న భయం కూడా నివారణలో భాగమే. ప్రభుత్వం లెక్కించని మరణానికి అది జవాబుదారీ కాదు. వయసు, కులం ఒకే పట్టికలో కనిపించాలని అడగడం విద్యార్థి ఉద్యమాల తొలి డిమాండ్ కావాలి.